పెదనాన్నకు వేవిళ్ళు

మా ఇంట్లో పూజగది పక్కనున్న గూట్లో ఇప్పటికీ మూడు ప్లాస్టిక్ డబ్బాలు ఉన్నాయి. ఒకదానిలో సగం, మిగతా రెండింటిలో నిండుగా ఆకుపచ్చని పొడి ఉంది. మూడింటి మీదా పెద్ద అక్షరాలతో "రోగనిరోధక శక్తిని పెంచును" అని ముద్రించి ఉంది. పెదనాన్నకు క్లోమగ్రంథిలో క్యాన్సర్ ఉందని తేలిన పదిహేను రోజులకు మా పెద్దమ్మ వాటిని చిత్తూరులో ఒక అంగడిలో, డబ్బా 1,200 రూపాయల చొప్పున కొని తెచ్చింది. అమ్మినవాడి మీద నాకు పెద్ద కోపమేమీ లేదు. అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, భయపడిన ఇల్లు ఏదో వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. నా పేచీ అంతా డబ్బా మీదున్న ఒక్క మాటతో, "శక్తి" అన్న మాటతో.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెబుతాను. పెదనాన్న బంగారుపాళ్యం దగ్గర తోతాపురి తోట ఉన్న రైతు. వైద్యం కోసం ఐదు నెలలు ఎం.ఆర్.పల్లిలోని మా ఇంట్లోనే ఉన్నారు. ఆ ఐదు నెలల్లో ఇంట్లో జరిగిన పోట్లాటలన్నీ ఒకే విషయం మీద జరిగాయి: ఆయన తినరు. రాగి సంగటి, ఊరిబిండి ఎదురుగా ఉంటే మరో మాట మాట్లాడని మనిషి, కంచం తెస్తుంటేనే ముఖం పక్కకు తిప్పుకునేవారు. "నా వల్ల గాదురా నాయనా, ఆ వాసనకే కడుపులో తిప్పతా ఉండాది" అనేవారు. మేము వినేవాళ్ళం కాదు. తినకపోతే బలం ఎట్లా వస్తుంది, బలం లేకపోతే రోగాన్ని ఎట్లా తట్టుకుంటావు అని పెద్దమ్మ, మా నాన్న, చివరికి నేను కూడా ఆయన మీద విరుచుకుపడేవాళ్ళం. 62 కిలోల మనిషి 47 కిలోలకు దిగిపోయినా, ఆయన మొండితనమే కారణమన్న నమ్మకం మాలో ఎవరికీ సడలలేదు.

ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి, నాకు తెలియవలసింది. తెలియనందుకు సిగ్గుపడి ఆ తరువాత చదివినదాని ఫలితమే ఈ వ్యాసం. దీనిలో నేను చెప్పదలచినది ఒక్కటే: క్యాన్సర్ వచ్చిన మనిషి శరీరంలో రోగనిరోధక వ్యవస్థ నీరసించి పడిపోయి ఉండదు, అది ఆదేశాలు అందుకుంటూ, వాటి ప్రకారం చాలా శ్రద్ధగా పనిచేస్తూ ఉంటుంది. ఆ ఆదేశాలను కణితి తాను స్రవించే ప్రోటీన్ల రూపంలో పంపుతుంది. ఆ ప్రోటీన్లు బయటినుంచి వచ్చినవి కావు, మన జన్యువుల్లో రాసి ఉన్నవే, మన శరీరానికి నిత్యం అవసరమైనవే. ఈ సంగతి అర్థమైతే "శక్తిని పెంచడం" అన్న మాటకు అర్థం మిగలదు.

మనం ఆ శక్తిని మేడ మీది నీళ్ళ ట్యాంకులా ఊహించుకుంటాం: నిండుగా ఉంటే ఆరోగ్యం, అడుగంటితే రోగం, పొడి కలిపితే మళ్ళీ నిండుతుంది. ఈ ఊహ నిజమైతే కణితిలో తెల్ల రక్తకణాలు ఉండకూడదు, లేదా నామమాత్రంగా ఉండాలి. కాని 1863 లోనే జర్మనీలో రుడాల్ఫ్ విర్కోవ్ సూక్ష్మదర్శిని కింద కణితి ముక్కలను చూసి, వాటిలో తెల్ల రక్తకణాలు చేరి ఉన్నాయని రాశాడు. ఈనాటి పరీక్షలు ఆ మాటను మరింత గట్టిగా చెబుతున్నాయి. అనేక కణితుల్లో మాక్రోఫేజ్ కణాలు గుంపులుగా ఉంటాయి. సూక్ష్మజీవులను మింగడం, చచ్చిన కణాలను ఊడ్చివేయడం వాటి సహజమైన పని. కణితి సీసీఎల్-2 అనే ప్రోటీన్‌ను వదిలి వాటి ముందురూపాలైన మోనోసైట్లను రక్తంలోనుంచి పిలుచుకుంటుంది, సీఎస్ఎఫ్-1 అనే మరో ప్రోటీన్‌తో వాటిని బతికించి, పెంచి, తన దగ్గరే ఉంచుకుంటుంది. అలా వచ్చిన మాక్రోఫేజ్‌లు కణితిని మింగవు. పుండు మానేటప్పుడు చేసే పనులన్నీ అక్కడ చేస్తాయి: కొత్త రక్తనాళాలకు దారి వేస్తాయి, చుట్టూ ఉన్న కణజాలాన్ని సవరిస్తాయి, మంటను చల్లారుస్తాయి.

బోస్టన్‌లో పనిచేసిన హెరాల్డ్ డ్వోరాక్ అనే పాథాలజిస్టు 1986 లో కణితులను మానని పుండ్లుగా వర్ణించాడు. ఆ వర్ణన వెనుక ఆయన సొంత ప్రయోగం ఉంది. 1983 లో ఆయనా, డొనాల్డ్ సెంగర్, మరికొందరూ కలిసి గినీ పందుల్లో కణితి వల్ల పొట్టలో చేరే నీటిలో ఒక ప్రోటీన్‌ను గుర్తించారు. అది రక్తనాళాల గోడలను ఊటబావి గట్లలా నీరు కారేలా చేస్తుంది. ఆరేళ్ళ తరువాత కాలిఫోర్నియాలో నెపోలియోనె ఫెరారా రక్తనాళాలను పెంచే ప్రోటీన్‌ను విడిగా శుద్ధి చేస్తే, రెండూ ఒకటేనని తేలింది. ఇవాళ దాని పేరు వీఈజీఎఫ్. చాలాకాలం దీన్ని రక్తనాళాల కోణంలోనే చూశారు. 1996 లో దిమిత్రీ గాబ్రిలోవిచ్ బృందం అంతకంటే విచిత్రమైన సంగతి బయటపెట్టింది. కణితి కణాలు వదిలే వీఈజీఎఫ్ డెండ్రైటిక్ కణాలను ఎదగనివ్వదు. శరీరంలో ఎక్కడ ఏ తేడా కనిపించినా దాని ఆనవాలు తీసుకెళ్ళి, తేడా ఉన్న కణాలను గుర్తించి చంపే తెల్ల రక్తకణాలైన టీ కణాలకు చూపించే దూతలు డెండ్రైటిక్ కణాలు. దూతే పసివాడుగా మిగిలిపోతే సైన్యానికి కబురు అందదు. సైన్యం ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం?

నేను కూడా "సైన్యం" అన్న మాట వాడేశాను, గమనించారా? ఈ యుద్ధభాష నాలుకకు అంత అంటుకుపోయి ఉంది. ఇకమీద జాగ్రత్తగా ఉంటాను.

టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ సంగతి చెబితే నా మాట మరింత తేటపడుతుంది. అనేక కణితులు దీన్ని విరివిగా వదులుతాయి. అది టీ కణాల విభజనను ఆపుతుంది, కొన్నింటిని అదుపుచేసే టీ కణాలుగా మారుస్తుంది, కణితి చుట్టూ పీచు కణజాలాన్ని దట్టంగా అల్లించి టీ కణాలను ఆ అంచు దగ్గరే నిలిపివేస్తుంది. ఇదంతా వింటే ఇది పరమ దుర్మార్గపు ప్రోటీన్ అనిపిస్తుంది. కాని 1990ల మొదట్లో టీజీఎఫ్-బీటా-1 జన్యువును తొలగించిన ఎలుకలను పుట్టించినప్పుడు, అవి పుట్టిన నాలుగైదు వారాల లోపే చనిపోయాయి. వాటిని చంపింది ఏ సూక్ష్మజీవీ కాదు. అదుపు లేని వాటి సొంత తెల్ల రక్తకణాలే గుండెలోకి, ఊపిరితిత్తుల్లోకి చొరబడి ఆ అవయవాలను నాశనం చేశాయి. రోగనిరోధక శక్తి నిజంగా పెరిగితే, పట్టపగ్గాలు లేకుండా పెరిగితే, జరిగేది అదీ. డబ్బాల మీద రాసేవాళ్ళు ఆ ఎలుకల సంగతి ఒకసారి చదవాలి.

మన దగ్గర అంత దూరం పోనక్కరలేదు కూడా. కరోనా కాలంలో శక్తి కోసమని ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. 2021 లో ముంబై వైద్యులు, దాన్ని తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదనీ, ఆ దెబ్బ సొంత రోగనిరోధక వ్యవస్థ దాడిని పోలి ఉందనీ కేసులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఖండించింది. ఆ వివాదంలో తీర్పు చెప్పడం నా పని కాదు. అయితే "శక్తి పెరగడం" ఎల్లప్పుడూ మంచిదే అన్న ధీమా ఉన్నచోట ఇలాంటి ప్రశ్న పుట్టే అవకాశమే ఉండదని మాత్రం అంటాను.

ఇంతకీ మన శరీరానికి తన రోగనిరోధక కణాలను ఇంత నేర్పుగా బుజ్జగించే విద్య ఎందుకు? పుండు మానడం కోసమన్నది ఒక జవాబు. రెండో జవాబు ప్రతి ఇంట్లోనూ కళ్ళముందే ఉంది. 1953 లో పీటర్ మెడవార్ ఒక ప్రశ్న వేశాడు: బిడ్డలో సగం తండ్రి అంశ; మరొకరి చర్మం అతికిస్తే పది రోజుల్లో తోసిపారేసే శరీరం, ఆ బిడ్డను తొమ్మిది నెలలు కడుపులో ఎట్లా ఉండనిస్తుంది? ఈ ప్రశ్నకు ఇప్పటికి దొరికిన జవాబులలో పెద్ద భాగం మావి (ప్లాసెంటా) స్రవించే ప్రోటీన్లకు సంబంధించినది. టీజీఎఫ్-బీటా, ఇంటర్‌ల్యూకిన్-10, గలెక్టిన్-1, వీఈజీఎఫ్ కుటుంబం అన్నీ ఆ జాబితాలో ఉంటాయి. కణితి స్రవించే ప్రోటీన్ల జాబితాను పక్కన పెట్టుకుని చూస్తే రెండింటిలోనూ అవే పేర్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. కణితి కొత్త భాషేమీ కనిపెట్టలేదు. గర్భసంచిలో బిడ్డను కాపాడుకోవడానికి శరీరం నేర్చుకున్న పలుకుబడినే, సందర్భం కాని చోట, ఆపకుండా పలుకుతోంది.

ఈ జాబితాలో నన్ను వారాల తరబడి వదలని పేరు ఒకటుంది: జీడీఎఫ్-15. ఇది కూడా టీజీఎఫ్-బీటా కుటుంబానికే చెందినది. 1997 లో సిడ్నీలో శామ్యూల్ బ్రైట్ బృందం దీన్ని మాక్రోఫేజ్‌లలో గుర్తించి, ఆ కణాలను శాంతింపజేస్తుందన్న అర్థంలో ఎంఐసీ-1 అని పేరు పెట్టింది. దాదాపు అదే సమయంలో మరికొందరు దీన్ని మావిలో గుర్తించి మావికి సంబంధించిన పేర్లు పెట్టారు. ఒకే ప్రోటీన్‌కు పుట్టుకతోనే ఇన్ని పేర్లుండటం పరిశోధకుల సమన్వయలోపం అనుకోవచ్చు, కాని నాకు అందులో ఒక సూచన కనిపిస్తుంది: రోగనిరోధక కణం దగ్గర ఒకరికి, గర్భం దగ్గర మరొకరికి దొరికిన ప్రోటీన్ చివరికి కణితి దగ్గర అందరికీ దొరికింది.

ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో జీడీఎఫ్-15 కొద్దిగానే ఉంటుంది. కణం ఏ కష్టంలో ఉన్నా, అంటే ఆక్సిజన్ చాలకపోయినా, విషం తగిలినా, మైటోకాండ్రియా మొరాయించినా, దీని ఉత్పత్తి పెరుగుతుంది. మన జిల్లాలో షుగరున్న వాళ్ళు ఇడ్లీతో పాటు మింగే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా దీన్ని పెంచుతుందనీ, ఆ మాత్ర వల్ల ఆకలి తగ్గి కొంత బరువు తగ్గడానికి ఇది ఒక కారణమనీ 2020 లో తేలింది. గర్భిణుల్లో మొదటి నెలలనుంచే ఇది విపరీతంగా పెరుగుతుంది. చాలా రకాల క్యాన్సర్లలోనూ పెరుగుతుంది.

2007 లో బ్రైట్ బృందమే, ఈ ప్రోటీన్‌ను అధికంగా వదిలే కణితులను ఎలుకల్లో పెంచింది. ఆ ఎలుకలు తిండి మానేశాయి, చిక్కిపోయాయి. కణితి అలాగే ఉండగా, ఈ ప్రోటీన్‌ను పట్టి బంధించే యాంటీబాడీని ఎక్కిస్తే మళ్ళీ తినడం మొదలుపెట్టాయి. అయితే అది శరీరంలో ఎక్కడ ఆనుతుందన్న ప్రశ్న మరో పదేళ్ళు మిగిలిపోయింది. 2017 లో నాలుగు వేర్వేరు బృందాలు ఒకేసారి జవాబు చెప్పాయి: జీఎఫ్ఆర్ఏఎల్ అనే గ్రాహకం, మెదడు వెనుక భాగంలో, వాంతిని పుట్టించే కేంద్రంలో మాత్రమే ఉంటుంది. విషం తిన్నప్పుడు కక్కించడానికి ప్రకృతి పెట్టిన కావలి అది. కడుపు కోసం పుట్టిన కావలి క్లోమగ్రంథిలోనో ఊపిరితిత్తిలోనో ఉన్న కణితి పంపిన కబురుకు మోగుతోంది, రోగికి సంగటి వాసన విషంలా తోస్తోంది.

2023 డిసెంబరులో వచ్చిన మరో పరిశోధన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మార్లీనా ఫెజో, స్టీఫెన్ ఓరాహిలీ, వాళ్ళ సహచరులు వేవిళ్ళకు మూలకారణం ఈ ప్రోటీనేనని గట్టి సాక్ష్యం చూపించారు. గర్భిణి రక్తంలోని జీడీఎఫ్-15 లో ఎక్కువ భాగం తల్లిది కాదు, బిడ్డ వైపునుంచి, మావినుంచి వచ్చేదే. గర్భానికి ముందు రక్తంలో ఈ ప్రోటీన్ తక్కువగా ఉన్న స్త్రీలు హఠాత్తుగా వచ్చిపడే ఈ వెల్లువను తట్టుకోలేరు. వాళ్ళకే వాంతులు తీవ్రంగా ఉంటాయి. బీటా థలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న స్త్రీలకు ముందునుంచే ఇది ఎక్కువగా ఉండటం వల్ల శరీరం అలవాటు పడి ఉంటుంది, వాళ్ళకు వేవిళ్ళు అరుదు. అంటే పుల్ల మామిడికాయ కోసం అడిగే కోడలికీ, కంచం చూసి ముఖం తిప్పుకునే క్యాన్సర్ రోగికీ మెదడులో మోగే గంట ఒక్కటే. కోడలికి ఇల్లంతా నవ్వుతూ సర్దుకుంటుంది. రోగిని మాత్రం కసురుతుంది.

పెదనాన్న రక్తంలో ఈ ప్రోటీన్‌ను ఎవరూ కొలవలేదు. క్యాన్సర్‌లో ఆకలి చావడానికి ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ఇతర కారణాలూ, మందుల ప్రభావమూ, నొప్పీ, దిగులూ ఉంటాయి. అందుకే ఆయన విషయంలో ఫలానా ప్రోటీనే కారణమని నేను ప్రమాణం చేయను. ఆయన చెప్పిన మాటను మాత్రం ఇప్పుడు నమ్ముతున్నాను: "వాసనకే తిప్పతా ఉండాది." ఆకలి లేదని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. వికారమనే అన్నారు. తేడా ఆయనకు తెలుసు, మేమే వినలేదు.

ఇంతవరకూ తిండి సంగతి. ఈ వ్యాసం రోగనిరోధక కణాల గురించి కదా అనేవాళ్ళకు జవాబు, ఆ రెండు దారులూ ఇక్కడే కలుస్తాయి. 2011 లో జర్మనీ పరిశోధకులు, గుండెపోటు వచ్చిన ఎలుకల్లో జీడీఎఫ్-15 ఏం చేస్తుందో చూశారు. దెబ్బతిన్న గుండె కండరం దాన్ని వదులుతుంది. అది రక్తంలో పరిగెత్తే తెల్ల రక్తకణాలు నాళం గోడను గట్టిగా పట్టుకోకుండా ఆపుతుంది. ఆ జన్యువు లేని ఎలుకల్లో తెల్ల రక్తకణాలు గుండెలోకి మితిమీరి చొరబడ్డాయి, గుండె గోడ చిట్లి ఎలుకలు చనిపోయాయి. అక్కడ ఇది ప్రాణం కాపాడే ప్రోటీన్. పన్నెండేళ్ళ తరువాత, 2023 లో, వుర్ట్స్‌బర్గ్ పరిశోధకుల నాయకత్వంలో వచ్చిన పత్రం అదే యంత్రాంగం కణితి దగ్గర ఏం చేస్తుందో చూపించింది.

అర్థం కావడానికి చిత్తూరునుంచి పలమనేరు పోయే పల్లెవెలుగు బస్సును తలుచుకోండి. టీ కణం రక్తనాళంలో ఆ బస్సులాగే పోతూ ఉంటుంది. కణితి ఉన్నచోట నాళం గోడ మీద ఐక్యామ్-1 అనే ప్రోటీన్ స్టేజీ బోర్డులా నిలబడి ఉంటుంది. బస్సు వేగం తగ్గించి, బ్రేకు వేసి, పూర్తిగా ఆగితేనే మనిషి దిగగలడు. టీ కణానికి ఆ బ్రేకు ఎల్ఎఫ్ఏ-1 అనే అణువు. అది చైతన్యవంతమై ఐక్యామ్-1 ను గట్టిగా పట్టుకుంటే కణం ఆగుతుంది, గోడ దాటి కణితిలోకి దిగుతుంది. జీడీఎఫ్-15 ఆ బ్రేకును పడనివ్వదు. బస్సులో డీజిలుంది, ఇంజను బాగుంది, లోపల మనుషులూ నిండుగానే ఉన్నారు, కాని బంగారుపాళ్యం స్టేజీలో ఆగకుండా బస్సు మొగిలి వైపు సాగిపోతుంది. ఆ బస్సుకు "శక్తి పెంచే" డీజిలు ఇంకా పోస్తే ఏమవుతుంది? ఇంకా వేగంగా సాగిపోతుంది.

టీ కణం మీదుండి దాన్ని నిలిపివేసే పీడీ-1 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందులు కొందరిలో ఎందుకు పనిచేయవన్న ప్రశ్నకు దీనిలో ఒక జవాబు ఉంది. తాసుకు హోంజో 1992 లో పీడీ-1 ను కనిపెట్టాడు, ఆ దారిలో వచ్చిన మందులకు గుర్తింపుగా ఆయనకూ, అలాంటిదే అయిన సీటీఎల్ఏ-4 మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కూ 2018 లో నోబెల్ వచ్చింది. ఆ మందులు కణితి లోపలికి చేరి, చేతులు కట్టేసినట్టు నిలబడిపోయిన టీ కణాల కట్లు విప్పుతాయి. అసలు టీ కణం లోపలికే రాకపోతే ఎవరి కట్లు విప్పాలి? పైన చెప్పిన 2023 పత్రంలో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్లో జీడీఎఫ్-15 ఎక్కువగా ఉన్నవారికి ఆ మందులు అంతగా పనిచేయలేదు.

ఇక్కడినుంచి కథ మందుల వైపు మళ్ళుతుంది, నేను ఇక్కడ కొంచెం ఆచితూచి రాస్తాను. 2024 లో రెండు ఫలితాలు వచ్చాయి. ఒకటి జీడీఎఫ్-15 ను పట్టి బంధించే పోన్సెగ్రోమాబ్ అనే యాంటీబాడీది: ఊపిరితిత్తి, క్లోమగ్రంథి, పెద్దపేగు క్యాన్సర్లతో చిక్కిపోతూ, రక్తంలో జీడీఎఫ్-15 అధికంగా ఉన్న 187 మందికి 12 వారాల పాటు దాన్నో, ఉత్తుత్తి మందునో ఇచ్చారు. అత్యధిక మోతాదు అందినవారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే సుమారు 2.8 కిలోలు ఎక్కువ తూగారు. ఎక్కువేం కాదు కదా అనిపిస్తుంది. 47 కిలోల మనిషిని రోజూ ఎత్తి కూర్చోబెట్టినవాళ్ళకు అలా అనిపించదు. రెండోది, జీడీఎఫ్-15 నే బంధించే విసుగ్రోమాబ్ అనే మరో యాంటీబాడీది: పీడీ-1 తరహా మందులకు లొంగకుండా పోయిన కణితులున్న రోగులకు దీన్ని, పీడీ-1 ను అడ్డుకునే నివోలుమాబ్‌తో కలిపి ఇస్తే కొందరిలో కణితి కుంచించుకుపోయింది, ఆ ఫలితం చాలాకాలం నిలిచింది. ఊపిరితిత్తి, మూత్రాశయ క్యాన్సర్లలో అలాంటివారు ఐదుగురిలో ఒకరికన్నా తక్కువే. ఆ తక్కువ కూడా, ఇతర దారులన్నీ మూసుకుపోయిన రోగుల్లో వచ్చింది కాబట్టి పరిశోధకులు దాన్ని విలువైనదిగా చూస్తున్నారు.

అయినా నేను ఎగిరి గంతేయను. ఈ రంగంలో నిరాశల చిట్టా పెద్దది. టీజీఎఫ్-బీటాను వలవేసి పట్టి, అదే సమయంలో పీడీ-1 కు జతగా పనిచేసే పీడీ-ఎల్1 ను అడ్డుకునేలా ఒకే అణువుగా తయారుచేసిన బింట్రాఫస్ప్ ఆల్ఫా మీద ఎన్నో ఆశలు ఉండేవి. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో దాని మూడో దశ ప్రయోగాన్ని 2021 జనవరిలో ఆపేశారు. ఇంటర్‌ల్యూకిన్-10 కథ ఇంకా చిత్రమైనది. టీ కణాలను అణచివేసే ప్రోటీన్‌గా దశాబ్దాల పాటు పేరుపడినదే, ఎక్కువ మోతాదులో కణితిలోని టీ కణాలను ఉత్తేజపరుస్తుందని గమనించి దాన్నే మందుగా మలిచారు. పెదనాన్నకు వచ్చిన క్లోమగ్రంథి క్యాన్సర్‌లోనే దాని మూడో దశ పరీక్ష జరిగింది, 2019 లో విఫలమైంది. ఒకే ప్రోటీన్ ఒక మోతాదులో నిద్రపుచ్చి, మరో మోతాదులో నిద్రలేపుతుంటే దాన్ని మంచిదనాలా చెడ్డదనాలా? ఆ ప్రశ్నే తప్పని నేనంటాను. మాట ఒకటే, ఎవరు, ఎక్కడ, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నారన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. "రా" అన్న పిలుపు పెళ్ళిపందిట్లో ఒకలా, పోట్లాటలో మరొకలా వినిపించదా?

ఈ వాదనకు నా స్నేహితుడొకరు గట్టి అభ్యంతరమే చెప్పారు. చిత్తూరు జిల్లా రైతుకు ఈ అణువుల పేర్లతో పనేముంది, అతనికి అందేది ఆసుపత్రీ, కీమో, ఇంటి తిండీ కదా, ధైర్యం కోసం ఒక పొడి కలుపుకుంటే నీకేం పోయింది అన్నారు. అందుబాటు గురించిన బాధ న్యాయమైనదే. పీడీ-1 తరహా మందుల ధరలు మన కుటుంబాలకు అందవు. కాని ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు ఈ చిక్కుకు శాస్త్రంలోనే దారి వెతికారు: తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిలో కొందరికి, తక్కువ మోతాదు నోటి మాత్రలతో పాటు, మామూలు మోతాదులో పదోవంతు కన్నా తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ మాత్రమే ఇచ్చారు. ఏడాది తరువాత జీవించి ఉన్నవారు మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో 16 శాతం, నివోలుమాబ్ కలిపి తీసుకున్నవారిలో 43 శాతం. ఆ ఫలితం రావడానికి టీ కణానికి ఏ మాట, ఎంత మోతాదులో చెబితే చాలునన్న ప్రశ్న వేయవలసి వచ్చింది. శక్తి పెంచాలన్న ఊహలోనుంచి ఆ ప్రశ్న పుట్టదు, ఎందుకంటే ఆ ఊహలో ఎప్పుడూ ఎక్కువే మేలు.

ఇక ధైర్యం కోసం పొడి అన్నదానికి నా జవాబు: మా ఇంట్లో ఆ పొడి ధైర్యం ఇవ్వలేదు, నేరం మోపింది. పొడి కలిపిన మజ్జిగ పెదనాన్న కక్కుకున్న ప్రతిసారీ, శక్తినిచ్చేది ఇస్తుంటే వద్దంటున్నాడన్న కోపం మాలో పెరిగింది. "శక్తి", "పోరాటం", "మనోబలం" అన్న మాటలు వరసగా పేర్చుకుంటూ పోతే చివరికి తేలేది ఒక్కటే: గెలిచినవాడు బలవంతుడు, పోయినవాడు తగినంత పోరాడనివాడు. ఆయన ఎముకలగూడై పడుకున్న రోజుల్లో కూడా ఆయన రక్తంలో టీ కణాలు తిరుగుతూనే ఉన్నాయి, మాక్రోఫేజ్‌లు పనిచేస్తూనే ఉన్నాయి, మెదడులోని కావలి గంట కూడా తన విధి తాను నెరవేరుస్తూనే ఉంది. ఆ శరీరంలో కర్తవ్యం మరిచిన కణం ఒక్కటి కూడా లేదు. అన్నీ తమకు అందిన కబురును నమ్మాయి.

రోగికి తిండి పెట్టవద్దని నేను అనడం లేదు. మాంసకృత్తులు, కేలరీలు అందాలి. వికారం తగ్గించే మందులు ఉన్నాయి, వాటిని అడిగి రాయించుకోవాలి. కొంచెం కొంచెంగా, చల్లార్చి, వాసన తక్కువగా ఉండేవి పెట్టమని పోషకాహార నిపుణులు చెబుతారు. ఆ సలహా కాగితం మాకూ ఇచ్చారు. మేము దాన్ని ఆ డబ్బాల కింద పెట్టాం.

పెదనాన్న పోయిన ఏడో నెలలో, తోటలో కాయలు కోసే రోజుల్లో, బంగారుపాళ్యం వెళ్ళినప్పుడు పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. అణువుల పేర్లు లేకుండా, ఆడవాళ్ళకు వేవిళ్ళు తెప్పించేదీ ఆయనకు తిండి సయించనీయనిదీ ఒకే సరుకు అయ్యుండొచ్చు పెద్దమ్మా, అని మాత్రం అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు తనకు తిరగమోత వాసన గిట్టకపోతే అత్తగారు మూడు నెలలు పొయ్యిని పెరట్లో బాదంచెట్టు కిందికి మార్చిందని చెప్పింది. "ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, మీ ఇంట్లో గూడా పొయ్యి మిద్దె మీదికి మార్చుకోని ఉందుము గదరా" అన్నది.